నాచురంగు అద్దాల కార్ఖానా ఎక్కడుండేది

మా పెద్దమ్మ అద్దాలు కోస్తుంది. ముఖం చూసుకునే అద్దాలు కావు. కిటికీల్లో పగిలిన పలక ఊడదీసి, కొలత తీసుకుని, కొత్తది కోసి బిగించడం ఆవిడ పని. వయసు అరవై మూడు. అందులో ముప్ఫై తొమ్మిదేళ్ళు ఈ పనిలోనే గడిచాయి. చుట్టుపక్కల వీధుల్లో ఆవిణ్ణి పగుళ్ళ డాక్టరు అంటారు. రోడ్డు అవతల ఆగిన బస్సు అద్దంలో జుట్టంత పగులు మొదలైతే ఇవతల కొట్లో కూర్చున్న మా పెద్దమ్మ తల తిప్పి చూసేదని నేను చాలామందికి చెప్పాను. నమ్మనివాళ్ళకు బస్సు నంబరు కూడా చెప్పాను.

పైకెక్కి పనిచేసేది పెద్దమ్మ అయితే కింద నిచ్చెన పట్టుకునేది పెదనాన్న. ఆయన ఒకప్పుడు బట్టల మిల్లులో గుమాస్తా. మిల్లు మూతపడ్డాక నిచ్చెన కింద ఉద్యోగంలో చేరానని, ఇందులో పైకి ఎదిగే అవకాశం లేదని ఆయనే చెప్పుకుంటాడు. ఇక నేను పదో తరగతి సగంలో బడికి దణ్ణం పెట్టి బయటికి వచ్చినవాణ్ణి కాబట్టి వ్యాను నడిపే పని నాకు దొరికింది. గుంతల రోడ్డు మీద ఆరడుగుల అద్దాన్ని పగలకుండా చేర్చగలిగిన డ్రైవరు ఈ ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. ఈ విషయంలో పెద్దమ్మకు వేరే అభిప్రాయం ఉంది.

మిగతా అద్దాలవాళ్ళు పాత ముక్కల్ని గోనెసంచిలో పోసి పారేస్తారు. పెద్దమ్మ అలా చేయదు. ముందు ఒక మూల నుంచి బొటనవేలంత ముక్క తీసి, దాని అంచును వెలుగుకి పట్టి చూస్తుంది. ఎదురుగా చూస్తే పాత అద్దాలన్నీ ఒకేలా ఉంటాయి. అసలు రంగు అంచులో బయటపడుతుంది. కొన్ని నీలంగా ఉంటాయి, కొన్ని పసుపు. ఆవిడ వెతికేది మాత్రం పొగచూరిన ఆకుపచ్చ. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు నాచురంగు. చూడటం అయ్యాక ముక్క మీద కాగితం అంటించి, వీధి, ఇంటి నంబరు, అంతస్తు రాసి పని చొక్కా జేబులో వేసుకుంటుంది. రంగు ఏదైనా సరే, ప్రతి ఇంటినుంచీ ఒక ముక్క కొట్టుకి చేరాల్సిందే. అలా ముప్ఫై తొమ్మిదేళ్ళలో వెయ్యిన్నూట నలభై ముక్కలు పోగయ్యాయి.

ఇదంతా వాళ్ళ నాన్న కోసం, అంటే మా తాత కోసం. ఆయన అద్దాల కార్ఖానాలో ఊదేవాడు. పొడవాటి ఇనపగొట్టం చివర కరిగిన గాజుముద్ద పట్టి, గోతికి అడ్డంగా వేసిన చెక్కబల్ల మీద నిలబడి, ముద్దను గోతిలోకి వేలాడదీసి, గంట నాలుకలా అటూ ఇటూ ఊపుతూ ఊదేవాడు. ముద్ద సాగిసాగి మనిషంత గొట్టమయ్యేది. దాని రెండు కొనలూ కోసేసి, నిలువునా చీల్చి, పొయ్యిలో పడుకోబెడితే ఆ వేడికి చాపలా విప్పుకుని పలకయ్యేది. ఆ పలకే కిటికీ అద్దం. ఇది నిజం. తాత తుమ్మితే మూడిళ్ళ అవతల దీపం ఆరేదన్నది నేను కలిపింది.

పెద్దమ్మకు ఆరేళ్ళప్పుడు తాత ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మా అమ్మ అప్పటికి చంకలో పిల్ల. అమ్మమ్మ ఇద్దరు ఆడపిల్లల్నీ తీసుకుని ఊరి రెండో కొసన ఉన్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు కిటికీకి తాత తన చేత్తో బిగించిన అద్దం ఒకటి ఊడదీయించి దుప్పట్లో చుట్టి తెచ్చుకుంది. ఆ తర్వాత కార్ఖానా గురించి నోరు విప్పలేదు. ఆ కార్ఖానా కూడా రెండేళ్ళకు మూతపడింది. ఆ అద్దం ఇప్పటికీ పెద్దమ్మ కొట్లో ఉంది. దాని అంచు నాచురంగు.

చిక్కల్లా ఏమిటంటే, అలాంటి కార్ఖానా ఈ ఊళ్ళో లేనేలేదని ఊరి చరిత్ర రాసినవాళ్ళు తేల్చేశారు.

ఈ మాట మాకు తెలిసింది పాత బస్సు డిపో గోడ వల్ల. ఆ గోడంతా పింగాణీ పలకలతో ఊరి పరిశ్రమల పటం చేస్తున్నారు. ఏ మిల్లు ఎక్కడుండేది, ఏ గొట్టం ఎక్కడ పొగ వదిలేది, అన్నీ బొమ్మలతో చూపించే పటం. ఆ పని చూస్తున్న పురావస్తు శాఖ ఉద్యోగిని చిన్న వయసు మనిషి. మాకు పటం మేడం. పెద్దమ్మ అద్దం ముక్కల పెట్టె నా నెత్తిన పెట్టి, మమ్మల్నిద్దర్నీ వెంటేసుకుని ఆవిడ ఆఫీసుకి వెళ్ళింది.

"గాజు కార్ఖానాలు రెండే ఉండేవండీ," అంది పటం మేడం. "రెండూ సీసాలవి. లైసెన్సులూ ఫోటోలూ అన్నీ ఉన్నాయి. కిటికీ అద్దాలు బయటి ఊళ్ళ నుంచి వచ్చేవి."

"మరి మా నాన్న ఏం ఊదాడు?"

"సీసాలేమోనండీ."

"సీసాలు ఊదేవాడికి బుగ్గలు సాగుతాయి. మా నాన్నకి కుడి భుజం పెరిగింది, ఆ గొట్టం ఊపీ ఊపీ. దాని మీద కూర్చుంటే పట్టుకోనక్కర్లేదు, కుర్చీలా ఉండేది."

పటం మేడం నవ్వలేదు. పెట్టెలోంచి నాలుగు ముక్కలు తీసి, పెద్దమ్మ చూపించినట్టే అంచులు వెలుగుకి పట్టి చూసింది. తను పనికెళ్ళిన పక్క ఊళ్ళలో నాచురంగు ముక్క ఒక్కటీ కనిపించలేదని పెద్దమ్మ చెబితే కాగితం మీద రాసుకుంది.

"కార్ఖానా ఉండొచ్చు, కాదనను," అంది చివరికి. "కానీ ఇది పటం. ఉండేది అంటే చాలదు, ఇక్కడుండేది అనాలి. చోటు చూపించండి, పెడతాను. మూడు వారాల్లో పలకలు బట్టీలోకి వెళ్తాయి. కాలాక ఇంక ఎవరి చేతుల్లోనూ ఉండదు."

పెద్దమ్మ కొట్టు తాళం తీస్తూ ఒక మాట అంది. "గోడ మీద అన్నీ పెట్టి అదొక్కటీ పెట్టకపోతే ఇంక అది లేనట్టే. మా నాన్న ఎక్కడికీ పోకుండా రోజంతా రోడ్డు మీద తిరిగొచ్చినట్టే."

ఆ రాత్రికి నేను బస్సు ఆఫీసు నుంచి బల్లంత ఊరి పటం సంపాదించాను. ఎలా సంపాదించానో చెబితే ఇంకొకరి ఉద్యోగం పోతుంది. మర్నాడు కొట్టుకి సెలవు పెట్టి పటాన్ని నేల మీద పరిచాం. పెదనాన్న కాగితాలు చదవడం, నేను ఆ ఇల్లు వెతకడం, పెద్దమ్మ గుండుసూది గుచ్చడం. మామూలు ముక్కలకు గుచ్చలేదు, నాచురంగు వాటికే.

"మూడో సందు, పదకొండో నంబరు, వంటగది," అని చదివాడు పెదనాన్న. "ఈ ఇంటావిడ నాకు టీ ఇచ్చింది. నీకివ్వలేదు."

"నిచ్చెన వదిలేసి లోపలికెళ్ళి తాగొచ్చావు. నేను పైన గంటసేపు వేలాడాను. చదువు."

"గంటేమిటే, అరకప్పు టీకి గంట పడుతుందా?"

"నువ్వు తాగితే పడుతుంది. చదువయ్యా."

సాయంత్రానికి ఎనభై మూడు సూదులు లెక్క తేలాయి. పన్నెండు ఊరంతా చెదిరి ఉన్నాయి. మిగిలిన డెబ్భై ఒకటీ కాలవ పక్కనున్న మూడు సందుల్లోనే, ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు గుచ్చుకున్నాయి. తాత కాపురమున్నదీ అందులో మధ్య సందే. ఆ ఇల్లు ఎప్పుడో పోయింది, దాని స్థలంలో ఇప్పుడు లాండ్రీ ఉంది. అక్కడి రోజుల్లో పెద్దమ్మకు గుర్తున్నది వాళ్ళ నాన్న భుజం ఒక్కటే.

పెద్దమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఆ సూదుల్ని చూసింది.

"గాజుకి ప్రయాణం పడదు," అంది. "మలుపుకో పలక పోతుంది. నేనెక్కడ కొంటున్నాను? పక్కవీధి అద్దాల డిపోలో. అటుపక్క డిపోలో సరుకు బాగుంటుందని తెలిసీ పోను. ఇన్ని అద్దాలు ఒక్కచోట ఉన్నాయంటే వాటి కొలిమి వాటి పక్కనే ఉన్నట్టు."

నా డ్రైవింగు గురించి చెప్పిన మాట కూడా అందులో కలిసి ఉందని నాకు తెలుసు. నేను పట్టించుకోలేదు.

సూదుల గుంపుకి సరిగ్గా నడుమ, లాండ్రీ వెనక, ఒక ఖాళీ స్థలం ఉంది. పాత డ్రమ్ములు, విరిగిన ఇస్త్రీ బల్లలు, నడుమెత్తు పిచ్చిమొక్కలు. లాండ్రీ యజమానిని అడిగి లోపలికెళ్ళాం. రెండు గంటలు వెతికితే ఇటుక దొరికింది. ఒక పక్క మామూలు ఇటుకే, రెండో పక్క మాత్రం ఆకుపచ్చ గాజు కరిగి పట్టి గట్టిపడి ఉంది, బెల్లం పాకంలో ముంచి తీసినట్టు. ఎన్నో ఏళ్ళు కొలిమి లోపల గోడగా ఉంటే తప్ప ఇటుకకి అలాంటి పూత పట్టదు. దాని చుట్టూ తవ్వితే అలాంటివే ఇంకో ఇరవై, ఒక వరస కట్టి ఉన్నాయి. కనిపెట్టింది నేనే. కాలికి తగిలి పడ్డాడు అని పెదనాన్న అంటాడు. తగిలినా ఆ కాలు నాదే.

పటం మేడం మర్నాడే వచ్చింది. ఇటుకల వరస ఫోటో తీసుకుంది, ఒక ఇటుకని సంచిలో వేసుకుంది, సూదులు గుచ్చిన పటాన్ని మా కొట్లో నిలబడి రెండుసార్లు చూసింది.

"ముప్ఫై తొమ్మిదేళ్ళు ఇవి ఏరుతూనే ఉన్నారా మీరు?" అంది.

"నేను ఏరితే మా ఆయన మోశాడు. ఈ లెక్కలో ఆయన్ని వదిలేస్తే ఇంట్లో మాట పడాలి."

మూడు రోజులకు కబురొచ్చింది. పలకలకు బొమ్మలు వేసే కార్ఖానాకి వెళ్ళి చూశాం. కాలవ పక్కన మూడు సందుల మధ్య, వేలి గోరంత పొగగొట్టం, దాని కింద చిన్న కొలిమి, దాని పక్కన గొట్టం పట్టుకుని ఊదుతున్న మనిషి. బొమ్మలు వేసే ఆయన కుంచె మేస్త్రి, మాటలు తక్కువ. పెద్దమ్మ వంగి చూసి, "ఆ భుజం కొంచెం పెద్దది చెయ్యి బాబూ," అంది. ఆయన కుంచె ముంచి ఒక చుక్క కలిపాడు. పెద్దమ్మ ఏడ్చిందని నేను బయట చెప్పుకొస్తున్నాను గానీ, ఏడవలేదు. కళ్ళజోడు తుడుచుకుంది. అది ఆవిడ రోజుకి ఇరవైసార్లు చేసే పనే.

పలకలు సోమవారం బట్టీలోకి వెళ్ళాలి. దానికి ముందు గురువారం నాడు ఆ సందుల్లోనే ఒక ఇంట్లో పని తగిలింది. గాలికి తలుపు కొట్టుకుని వంటగది కిటికీ అద్దం పగిలింది. ఇంటావిడ పనికెళ్ళిపోయింది; ఆవిడ నాయనమ్మ ఉంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. కొడుకు దగ్గర ఇంకో ఊళ్ళో ఉండి, ఆయన పోయాక మనవరాలి దగ్గరికి ఆ నెలే వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్ళు వొలుస్తూ మా పనిని పైనుంచి కింది దాకా తనిఖీ చేస్తోంది.

పెద్దమ్మ లప్పం గీకి, పగిలిన ముక్క తీసి, అంచు చూసింది. నాచురంగే. అలవాటుగా జేబులో వేసుకుంది.

"పారెయ్యక దాన్నెందుకు దాచుకుంటావమ్మాయ్?" అంది ముసలావిడ. అరవై మూడేళ్ళ మనిషిని అమ్మాయ్ అనేవాళ్ళు ఇంకా ఒకరున్నారని పెదనాన్న నిచ్చెన కింద సంతోషించాడు. "అదెలాగూ పనికిరాని సరుకు. మా మామ తెచ్చిందే."

"ఎక్కడ కొన్నారమ్మా?"

"కొనడమా. ఆయన అద్దాల కార్ఖానాలో పొయ్యి మేస్త్రి. బుడగలొచ్చినవీ వంకరపోయినవీ బయటికి అమ్మేవాళ్ళు కాదు. నెలకి రెండు పలకలు పనివాళ్ళని తీసుకుపోనిచ్చేవాళ్ళు. వీపుకి కట్టుకుని తెచ్చేవాడు. ఈ మూడు సందుల్లో ఎవరింట్లో చూడు, అంతే. మా కిటికీలోంచి చూస్తే ఎదురింటావిడకి రెండు ముక్కులు."

పెద్దమ్మ చేతిలో గీకుడు కత్తి ఆగింది.

"పక్కనుంచి తేవడానికి వీపుకి కట్టుకోవడం ఎందుకమ్మా?"

"ఏది పక్క?"

"కార్ఖానా. లాండ్రీ వెనక ఉండేదిగా."

"లాండ్రీ వెనక బాతులుండేవి," అంది ముసలావిడ. "మావే. పదకొండు బాతులు. కార్ఖానాకి గంట నడక. ఆ పొగలో ఎవరు కాపురముంటారు?"

"గంట ఏ వైపు?"

"నేనెప్పుడు పోయాను? పొద్దున్నే తలుపు తీసుకుని పోయేవాడు, రాత్రి వచ్చి కాళ్ళు పట్టమనేవాడు, గంట నడిచి వచ్చానే అనేవాడు. అటో ఇటో నేనడగలేదు. నాకు అంట్లుండేవి."

నేను ఊరుకోలేకపోయాను. "మరి అక్కడ కొలిమి ఇటుకలున్నాయి కదండీ, గాజు పట్టినవి. ఒక వరస కట్టి ఉన్నాయి."

"కొలిమి విప్పి కట్టినప్పుడల్లా పాత ఇటుకలు కూడా తెచ్చేవాళ్ళు. ఆ వరస మా బాతుల గూడు. నేనే కట్టాను."

పెదనాన్న నా వైపు చూశాడు. నేను వ్యానులో ఏదో మర్చిపోయినట్టు బయటికి వెళ్ళాను. నేను మళ్ళీ వచ్చేసరికి పెద్దమ్మ కొత్త అద్దం బిగించి, అంచులకు లప్పం పెట్టి, బొటనవేలితో గీత లాగుతోంది. ఆ గీత ఎప్పటిలాగే తిన్నగా ఉంది.

కొట్టుకి వెళ్ళాక పెద్దమ్మ ఎనభై మూడు నాచురంగు ముక్కలూ, జేబులోని కొత్తదీ బల్ల మీద పోసి ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టింది. ప్రతిదాంట్లో బియ్యపుగింజల్లాంటి బుడగలో, నీటి మీద గాలి వీచినట్టు అలలో ఏదో ఒకటి ఉంది. మచ్చలేనిది ఒక్కటీ లేదు. అమ్మమ్మ దుప్పట్లో చుట్టి తెచ్చిన అద్దం కూడా అంతే. ఇన్నేళ్ళూ అది పాతపనితనం అనుకుంది పెద్దమ్మ. మంచి పలకలన్నీ ఊరు దాటి దూరం పోయాయి. ఊళ్ళో మిగిలినవి పాసుకానివి. అవి చెప్పేది పనివాళ్ళు ఎక్కడ పడుకునేవాళ్ళన్నది. ఎక్కడ పనిచేసేవాళ్ళన్నది కాదు.

"ఇంకెవరైనా అయితే పొరబడేవాళ్ళు కారు," అంది. "మామూలు మనిషి అయితే అద్దం ఎక్కణ్ణుంచైనా వస్తుందనుకుంటాడు. నాకు ప్రతి రోడ్డూ అద్దం పగలగొట్టేదిగానే కనిపిస్తుంది. దగ్గర్నుంచే తెస్తారనుకున్నాను. వీపు మీద తెస్తారని తోచలేదు."

పెదనాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సరే. ఇప్పుడు ఏమంటావు?"

"వెళ్ళి చెప్పాలి."

"చెబితే చెరిపేస్తుంది. చోటు లేకపోతే పెట్టనని ముందే అంది. చెరిపితే మీ నాన్న మళ్ళీ లేనట్టే. ఈ వయసులో ఇంకో ముప్ఫై తొమ్మిదేళ్ళు నేను నిచ్చెన పట్టుకోలేను." తర్వాత మెల్లిగా అన్నాడు. "గోడ మీద అంగుళం అటయితే ఏం, ఇటయితే ఏం. కార్ఖానా ఉండడం నిజం. ఊదిన మనిషి నిజం. బాతుల సంగతి ఆ ముసలావిడకీ మనకీ తప్ప తెలీదు."

పెద్దమ్మ శుక్రవారం రెండిళ్ళలో పనిచేసింది. రెండో ఇంట్లో కొలత తప్పి అరంగుళం పొట్టిగా కోసింది. నేను వ్యాను నడపడం మొదలుపెట్టాక ఆవిడ కొలత తప్పడం అదొక్కసారే.

శనివారం పొద్దున బొమ్మల కార్ఖానాకి వెళ్ళాం. పలకలన్నీ చెక్క అరల్లో ఆరుతున్నాయి. పటం మేడం అక్కడే ఉంది, కుంచె మేస్త్రితో ఏదో లెక్క చూసుకుంటోంది. పెద్దమ్మ జరిగిందంతా చెప్పింది, ముసలావిడ మామ, వీపు, గంట నడక, బాతుల గూడు, ఒక్కటీ దాచకుండా. ఇటుకలు కనిపెట్టినవాడు ఎవరన్నది మాత్రం చెప్పలేదు. అందుకు నేను ఆవిడకి రుణపడి ఉన్నాను.

పటం మేడం తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అమ్మా, ఒక మాట చెప్పనా. ఈ గోడ మీద నూట పన్నెండు బొమ్మలున్నాయి. వాటిలో ఇరవై చోట్లు నేను కళ్ళతో చూసినవి కావు. ఎవరో రాసింది చూసి పెట్టినవే. మీది వాటికంటే నయం. ఆ మూడు సందులకీ ఆ కార్ఖానాకీ సంబంధం ఉంది, అది రుజువైంది. ఉండనివ్వండి. పైవాళ్ళు ఎవరూ అడగరు. తీసేస్తే మళ్ళీ పెట్టించడం నా వల్ల కాదు."

పెదనాన్న, మాట సాయం దొరికినవాడిలా, తలూపాడు.

"మొన్న నేను వచ్చినప్పుడు మీరేమన్నారు?" అంది పెద్దమ్మ.

"ఏమన్నాను?"

"రెండే ఉన్నాయి, కాగితాలున్నాయి అన్నారు. తప్పు మీది కాదు. రాసి ఉంది కాబట్టి అన్నారు. రేపు ఎవడో ఒకడు, నాలాంటి పనిలేనివాడు, అసలు చోటు కనిపెట్టి మీ దగ్గరికో మీ తర్వాతవాళ్ళ దగ్గరికో వస్తాడు. వాళ్ళు గోడ చూపిస్తారు. ఇదుగో, ఇక్కడుంది కదయ్యా, నువ్వు చెప్పేది ఇంకేదో అయ్యుంటుంది అంటారు. వాడు వెనక్కి పోతాడు. గోడ మీద లేకపోతే ఎవరైనా వెతుకుతారు. ఉంటే ఇంక ఎవరూ వెతకరు."

పటం మేడం చేతిలోని లెక్కల కాగితం బల్ల మీద పెట్టేసింది.

"కాల్చకముందు ఇది చెరుగుతుందా బాబూ?" అని కుంచె మేస్త్రిని అడిగింది పెద్దమ్మ.

"తడిబట్ట చాలు."

ఆయన బట్ట తడిపి పటం మేడం వైపు చూశాడు. ఆవిడ తలూపింది. తర్వాత ఆయన బట్టను పెద్దమ్మ చేతికిచ్చాడు. అద్దం తుడిచినట్టే తుడిచింది, పైనుంచి కిందికి, ఒక్క వైపుకే. పొగగొట్టం పోయింది, కొలిమి పోయింది, మనిషి పోయాడు. భుజం దగ్గర రంగు చిక్కగా పడి ఉండటంతో రెండోసారి తుడవాల్సి వచ్చింది. అప్పుడు పెదనాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఖాళీగా వదిలేస్తే పలక మీద మచ్చలా కనిపిస్తుంది," అన్నాడు కుంచె మేస్త్రి. "ఏదో ఒకటి వెయ్యాలి. చెట్లు వెయ్యనా?"

"అక్కడ చెట్లున్నాయని ఎవరు చెప్పారు?" అంది పెద్దమ్మ. "ఉన్నవి వెయ్యి. బాతులు."

పటం మేడం చాలాసేపు ఆలోచించింది. అది పరిశ్రమల పటం. ఆఖరికి, మూడుకంటే ఎక్కువ వెయ్యొద్దు అని ఒప్పుకుంది.

రెండు నెలలకు గోడ తెరిచారు. జనం బాగానే వచ్చారు. ఎవరి మిల్లు దగ్గర వాళ్ళు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. పెదనాన్న తన బట్టల మిల్లు వెతుక్కుని, గుమాస్తాల గది ఉన్న మూలలో వేలు పెట్టి నలుగురికి చూపించాడు. నూట పన్నెండు బొమ్మల్లో అద్దాల కార్ఖానా లేదు. చక్కెర మిల్లుకీ తోళ్ళ గోదాముకీ మధ్య మూడు బాతులు నడుస్తున్నాయి. అవి ఎందుకున్నాయో అడిగినవాళ్ళకు నేను ఆ రోజు నాలుగు రకాల కథలు చెప్పాను. అన్నిటికంటే తక్కువ నమ్మింది నిజం కథనే.

పెద్దమ్మ బాతుల దగ్గర ఆగలేదు. పలకల అతుకులు ఎలా పెట్టారో చూసుకుంటూ గోడ ఆ చివర దాకా వెళ్ళి వచ్చింది.

"బాధగా ఉందా పెద్దమ్మా?" అని అడిగాను.

"పొద్దున ఉండింది. ఒరేయ్, ఆ ముసలావిణ్ణి మనం అసలు సంగతి అడగలేదు."

"ఏమిటి?"

"గంట నడక అంది. వాళ్ళ మామ పొడుగా, పొట్టా? అడుగు పెద్దదైతే ఒక లెక్క, చిన్నదైతే ఒక లెక్క. వ్యాను తియ్యి."

"ఇప్పుడా?" అన్నాడు పెదనాన్న. "అక్కడ ఉపన్యాసాలున్నాయి. టీ కూడా ఇస్తారట."

"ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. ఉపన్యాసం రేపు కూడా ఉంటుంది."

వెళ్ళాం. ముసలావిడ ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పెద్దమ్మ పక్కనే మెట్టు మీద కూర్చుని అడిగింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించింది. అరవై ఏళ్ళ కిందటి మనిషిని తలుపు దగ్గర నిలబెట్టి కొలుస్తున్నట్టుంది.

"పొట్టివాడే," అంది. "కానీ తొందర మనిషి."

పెద్దమ్మ వ్యాను ముందు మూత మీద ఊరి పటం పరిచింది. మూడు సందుల దగ్గర బొటనవేలు ఆనించి, దారం చివర పెన్సిలు కట్టి, ఎంత పొడవు వదలాలో పెదనాన్నతో వాదన పెట్టుకుంది. పొట్టివాడు గంటకి మూడు కిలోమీటర్లంటాడు ఆయన. తొందర మనిషి అయిదంటుంది ఆవిడ. కాసేపటికి నాలుగు దగ్గర రాజీ పడి, గుండ్రంగా గీత గీశారు. గీత కాలవ దాటి, రైలు పట్టాలు దాటి, నాకు దారి తెలియని చోట్ల గుండా పోయింది.

"ఇటునుంచి మొదలుపెడదాం," అని పెద్దమ్మ గీత మీద ఒక చోట వేలు పెట్టింది. పెదనాన్న తన చెప్పుల వైపు చూసుకుని, ఆదివారం నుంచి అన్నాడు.